'నేటివ్ సన్' ముందా, 'ది స్ట్రీట్' ముందా? అమెరికా నల్లజాతి నిరసన నవలలు చదవబోయేవారికి

"అమెరికా నల్లవాళ్ళ నవలలు చదవాలనుంది, దేనితో మొదలుపెట్టను?" అని ఎవరడిగినా ఒకప్పుడు నేను తడుముకోకుండా రిచర్డ్ రైట్ 'నేటివ్ సన్' పేరు చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పడం లేదు. ముందు ఆన్ పెట్రీ రాసిన 'ది స్ట్రీట్' చదవండి, అది పూర్తయ్యాకే 'నేటివ్ సన్' పట్టుకోండి అంటున్నాను. నా సలహా ఎందుకు మారిందో, ఎవరికి ఈ వరస నప్పుతుందో, ఎవరికి వేరే పుస్తకం మేలో చెప్తాను.

మనలో చాలామందికి ఆ జీవితంతో తొలి పరిచయం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన తెలుగు. ఆఫ్రికాలో ఎత్తుకొచ్చిన మనిషితో మొదలై బానిసత్వం గుండా నడిచే కథ అది. ఇక్కడ చెప్పుకునే నవలలు దాని తర్వాతి కాలానివి. బానిసత్వం చట్టంలో పోయింది. దక్షిణాది పత్తి చేలు వదిలేసి లక్షలాది మంది చికాగోకు, న్యూయార్కుకు, డెట్రాయిట్‌కు రైలెక్కారు. అక్కడికి చేరాక ఏమైంది? ఈ నవలలు పట్టుకున్నది ఆ ప్రశ్నని.

వీటన్నిటినీ విమర్శకులు 'నేచురలిజం' అనే ఒకే గాటన కడతారు. మనవాళ్ళు సహజవాదం అంటుంటారు. మనిషి తలరాతను అతని గుణం కంటే అతని ఇల్లు, వీధి, కూలి, అద్దె ఎక్కువగా రాస్తాయని నమ్మి, ఆ లెక్కను దాపరికం లేకుండా చూపించే పద్ధతి ఇది. ఫ్రాన్సులో జోలా, అమెరికాలో డ్రైజర్ ఈ దారి వేసిన నవలాకారుల్లో ముఖ్యులు. నల్లజాతి రచయితలు ఆ దారిన నడుస్తూ ఇంకో ప్రశ్న వేశారు: ఆ వీధిని అలా ఉంచింది ఎవరు? డ్రైజర్ దగ్గర బీదరికం చాలాసార్లు వానలా, ఎండలా ఉంటుంది. రైట్, పెట్రీ దగ్గర దానికి ఒక యజమాని ఉంటాడు. అతనికి పేరుంటుంది. అద్దె చేరేది అతని చేతికే.

ఆ అద్దె సంగతి కొంచెం తెలుసుకుని పుస్తకం తెరిస్తే చదవడం తేలికవుతుంది. 1930లలో, 40లలో చికాగో నల్లవాళ్ళు తమకు నచ్చిన పేటలో ఇల్లు తీసుకోవడానికి లేదు. ఈ ఆస్తిని నల్లవారికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అని తెల్ల యజమానులు ఒప్పందాలు రాసుకుని దస్తావేజులకు ఎక్కించుకునేవారు. అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది 1948లో, అంటే ఈ రెండు నవలలూ వచ్చేశాక. దక్షిణాది నుంచి రైళ్ళు దిగే జనం పెరుగుతూ పోయారు గాని, వాళ్ళకు వదిలిన నేల అంతగా పెరగలేదు. పాత ఫ్లాట్లను ముక్కలు చేసి, ఒక్కో గదిలో ఒక పొయ్యి పెట్టి, 'కిచెనెట్' అని పేరు పెట్టి కుటుంబానికొకటి ఇచ్చేవారు. వెళ్ళడానికి మరో చోటు లేదు కాబట్టి చెప్పిందే అద్దె.

ఇక 'ది స్ట్రీట్'. ఇది 1946లో వచ్చింది. కథ జరిగేది న్యూయార్కులో నల్లవాళ్ళ పేట హార్లెంలో. పెట్రీ మాత్రం అక్కడ పుట్టి పెరిగిన మనిషి కాదు. కనెక్టికట్ రాష్ట్రంలో ఓల్డ్ సేబ్రూక్ అనే చిన్న ఊళ్ళో మందుల షాపు నడిపే కుటుంబం ఆమెది. తనూ ఫార్మసీ చదివి ఆ షాపులో పనిచేసింది. 1938లో పెళ్ళి చేసుకుని న్యూయార్కు వచ్చి, హార్లెం పత్రికల్లో పనిచేసి, అక్కడి స్కూలు పిల్లల సాయంత్రం కార్యక్రమంలో కూడా కొంతకాలం ఉంది. తల్లి పనికిపోతే ఇంటి తాళంచెవి చేతిలో పట్టుకుని ఒంటరిగా తిరిగే పిల్లల్ని ఆమె దగ్గరగా చూసింది. ఈ నవలలో కథానాయిక ల్యూటీ కొడుకు, ఎనిమిదేళ్ళ బబ్ పాత్రలో ఉన్న ఊపిరి అక్కడిదే అని నాకనిపిస్తుంది. నల్లజాతి స్త్రీ రాసిన నవల పది లక్షల ప్రతులు దాటడం దీనితోనే మొదలు.

మొదటి పేజీల్లోనే మీకు ఈ పుస్తకం నప్పుతుందో లేదో తెలిసిపోతుంది. నవంబరు చలిగాలి 116వ వీధిలో విరుచుకుపడుతుంటుంది. చిత్తుకాగితాలు, దుమ్ము ఎత్తి జనం మొహాన కొడుతుంటుంది. ఆ గాలిలో ల్యూటీ జాన్సన్ నిలబడి, అటూ ఇటూ ఊగిపోతున్న ఒక టు-లెట్ బోర్డును చదవడానికి అవస్థ పడుతుంటుంది. మూడు గదులు, ఆవిరితో వెచ్చదనం, నగిషీ చెక్క పరిచిన నేల, మర్యాదస్తులైన అద్దెదారులు, సరసమైన అద్దె. ఆమె ఒక్కో మాటనూ విప్పుకుంటూ పోతుంది. నగిషీ చెక్క అంటే ఎంత రుద్దినా, ఎంత వార్నిష్ పూసినా మరకలు పోని పాత చెక్క. ఆవిరి వెచ్చదనం అంటే ధడేల్ ధడేల్‌మని కొట్టుకునే గొట్టాలు. మర్యాదస్తులంటే, నల్లవాళ్ళను ఉండనిచ్చే ఇళ్ళలో, అద్దె కట్టగలిగిన ఎవరైనా సరే. ఇంకా లోపల అడుగు పెట్టలేదు, గదులు చూడలేదు. బోర్డు మీది నాలుగు మాటల్లోనే ఆ ఇంట్లో బతుకంతా చదివేసింది. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "మీరేమిట్లు?" అని అటునుంచి వినిపించిన అనుభవం ఉన్న మన పాఠకులకు ఈ సన్నివేశం వివరించనక్కర్లేదు.

తర్వాత మెట్లెక్కడం. కాపలాదారు జోన్స్ టార్చిలైటు పట్టుకుని ఆమె వెనకాలే వస్తాడు. నడవా ఎంత ఇరుకంటే, చేతులు బారచాపకుండానే రెండు పక్కల గోడలూ తగులుతాయి. ఆమెకు ఆ గోడలే తన మీదికి వంగి చుట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. వెనకున్న మనిషి చూపు ఒకవైపు, ముందున్న గోడలు ఒకవైపు. నిరసన నవల అనగానే ఉపన్యాసం గుర్తొచ్చేవాళ్ళు ఈ ఆరేడు పేజీలు చదవాలి. ఇక్కడ ఉపన్యాసం లేదు, మెట్లున్నాయి.

ఈ నవల బలమంతా లెక్కల్లో ఉంది. ల్యూటీ సోమరి కాదు, తెలివితక్కువది కాదు. తెల్లవాళ్ళ ఇంట్లో పనిమనిషిగా ఉండి డబ్బు పంపింది. రాత్రి బడికి పోయి టైపు నేర్చుకుంది, పరీక్షలు రాసి గుమాస్తా ఉద్యోగం తెచ్చుకుంది. కష్టపడి, పొదుపు చేస్తే ఎవరైనా పైకొస్తారని బెంజమిన్ ఫ్రాంక్లిన్ కథ నుంచి ఆమె గట్టిగా నమ్మింది. ఆ నమ్మకాన్ని పెట్రీ ఎక్కడా వెక్కిరించదు. నెల జీతం, అద్దె, కరెంటు, తిండి పక్కపక్కన పెట్టి చూపిస్తుంది, అంతే. ఒక సాయంత్రం ల్యూటీ పని నుంచి వస్తుంటే ఇంటి ముందు పేవ్‌మెంటు మీద బబ్ చెప్పులకు పాలిష్ వేసే పెట్టె పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆమె చెంప ఛెళ్ళుమనిపిస్తుంది. ఎనిమిదేళ్ళకే నల్లవాడు చేయాల్సిన పని ఇదేనని లోకం అనుకున్న పనికి వాడు కూర్చున్నాడన్న కోపం అది. మరి వాడు ఆ పెట్టె ఎందుకు పట్టాడు? అమ్మ ఎప్పుడూ డబ్బు గురించే దిగులుపడుతోంది గనక. కొట్టిన చేతిదీ తప్పు కాదు, దెబ్బ తిన్న పిల్లవాడిదీ తప్పు కాదు. ఈ నాలుగైదు పేజీలు నేను ఎన్నిసార్లు చదివినా ఆగకుండా ముందుకు పోలేను.

లోపం కూడా చెప్పాలి. జుంటో అనే తెల్ల వ్యాపారి ఉన్నాడు. ల్యూటీ ఏ తలుపు తట్టినా దాని వెనక అతనే ఉంటాడు. బారు అతనిదే, ఆమె పాడాలనుకున్న డాన్సు హాలు అతనిదే, నివాసాల వెనక సొమ్మూ అతనిదే. ఇంత కాకతాళీయం నమ్మశక్యమా అని కొందరు అడుగుతారు. మొదటి చదువులో నాకూ అనిపించింది. దారులన్నీ ఒక్కడి దగ్గరికే పోవడం కథనానికి కొంత బిగింపు ఎక్కువ చేసిన మాట నిజం. కానీ ఆ ఒక్కణ్ణి తప్పిస్తే, పేజీ పేజీలో కనిపించేది మనుషులే. అందరికంటే మిన్ నాకు ఇష్టం. జోన్స్ ఇంట్లో నీడలా బతికే మనిషి, నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడదు. అతను తనను వెళ్ళగొడతాడేమోనని భయపడి, వేర్లతో మంత్రించే డేవిడ్ అనే ఆయన దగ్గరికి పోయి ఒక శిలువ, కొంత పొడి, కొవ్వొత్తులు తెచ్చుకుంటుంది. శిలువ మంచం మీద వేలాడుతుంటే జోన్స్ దాన్ని చూసి జంకుతాడు. చదువూ పట్టుదలా ఉన్న ల్యూటీకి దొరకని చిన్న మార్గం ఏదో ఈమెకు దొరుకుతుంది. పరిస్థితులే మనిషిని నడిపిస్తాయన్న సిద్ధాంతం పెట్టుకున్న నవలలో రచయిత్రి ఆ సందు వదిలిపెట్టడం గమనించండి.

'నేటివ్ సన్' దీనికి ఆరేళ్ళ ముందు, 1940 మార్చిలో వచ్చింది. నెలనెలా పుస్తకం ఎంచి సభ్యులకు పంపే బుక్ ఆఫ్ ది మంత్ క్లబ్ ఒక నల్లజాతి రచయిత నవలను ఎంచుకోవడం అదే మొదటిసారి. మూడు వారాల్లో రెండు లక్షల పైచిలుకు ప్రతులు పోయాయి. రైట్ మిసిసిపీలో ఆకలి చూసి పెరిగి, 1927లో చికాగో చేరినవాడు. అంతకుముందు అతని కథల సంపుటి చదివి బ్యాంకర్ల కూతుళ్ళు కన్నీళ్ళు పెట్టుకుని మనసు తేలిక చేసుకున్నారట. ఇకపై రాసేది ఏడ్చి తేలికపడే వీలు లేనంత కఠినంగా ఉండాలని నిశ్చయించుకున్నానని తర్వాత అతనే రాశాడు. అన్నంత పనీ చేశాడు. ఈ పుస్తకం కన్నీళ్ళు తెప్పించదు, గొంతు ఎండిపోయేలా చేస్తుంది.

అలారం గడియారం మోగుతుంది. చికాగో సౌత్ సైడ్‌లో ఒకే గది. తల్లి, చెల్లెలు, ఇద్దరు కొడుకులు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునేటప్పుడు మగపిల్లలు మొహం అటు తిప్పుకోవాలి. అంతలో ఒక నల్లటి పెద్ద ఎలుక. ఇరవై ఏళ్ళ బిగ్గర్ థామస్ దాన్ని మూలకు తరిమి, ఇనప పెనం విసిరి చంపుతాడు. చావబోయే ముందు ఎలుక కూడా కరుస్తుంది. చంపాక అతను దాన్ని తోకపట్టి ఎత్తి చెల్లెలి మొహం ముందు ఊపితే ఆ పిల్ల మూర్ఛపోతుంది. నవల మొత్తం ఈ మూడు నాలుగు పేజీల్లో ఉంది: మూల, భయం, దెబ్బ, ఆ దెబ్బ కొట్టాక కలిగే ఒక వికృతమైన ధీమా. తర్వాత బిగ్గర్ స్నేహితుడు గస్‌తో వీధిలో గోడకానుకుని నిలబడతాడు. పైన ఒక విమానం పొగతో ఆకాశంలో పెట్రోలు ప్రకటన రాస్తుంటుంది. నాకూ అవకాశమిస్తే నడిపేవాణ్ణి అంటాడు. నల్లవాళ్ళకు అది దొరకదని ఇద్దరికీ తెలుసు. వెంటనే ఇద్దరూ 'తెల్లవాళ్ళ ఆట' ఆడతారు. ఒకడు జనరల్, ఒకడు కోటీశ్వరుడు, ఒకడు ప్రెసిడెంటు. ఆ ఆట నవ్వుతూనే మొదలై మధ్యలో చప్పబడిపోతుంది.

ఆ గదికి కుటుంబం కట్టే అద్దె వారానికి 8 డాలర్లు. ఆ అద్దె తీసుకునే సౌత్ సైడ్ రియల్ ఎస్టేట్ కంపెనీ డాల్టన్ అనే ధనికుడిది. అదే డాల్టన్ నల్లవాళ్ళ విద్యకు లక్షలు విరాళమిస్తాడు, కుర్రవాళ్ళ క్లబ్బుకు పింగ్‌పాంగ్ బల్లలు పంపుతాడు. బిగ్గర్ అతని ఇంటికే డ్రైవరుగా చేరతాడు. డాల్టన్ భార్య గుడ్డిది. మంచివాళ్ళు కూడా కళ్ళు లేనివాళ్ళేనని రైట్ కొంచెం గట్టిగానే చెప్పాడు. ఆ ప్రతీక నాకు మోటుగా అనిపిస్తుంది. పింగ్‌పాంగ్ బల్ల మాత్రం సూదిలా గుచ్చుకుంటుంది.

ఇక్కడి నుంచి రెండు పేరాల్లో కథ కొంత బయటపడుతుంది. అది వద్దనుకునేవారు వాటిని దాటేయండి.

తాగి ఒళ్ళు తెలియని డాల్టన్ కూతురు మేరీని గదిలో దించడానికి బిగ్గర్ వెళ్తాడు. తల్లి తలుపు తెరుస్తుంది. తెల్ల అమ్మాయి గదిలో నల్లవాడు దొరికితే ఏమవుతుందో అతనికి తెలుసు. మేరీ నోరు విప్పకుండా దిండు అదుముతాడు, ఆమె చచ్చిపోతుంది. ఇది భయం చేయించిన హత్య. తర్వాత అతను తన ప్రియురాలు బెస్సీని కూడా చంపుతాడు. అది మాత్రం ఆలోచించి చేసింది. బెస్సీ వేరేవాళ్ళ ఇళ్ళలో వంటచేసి, అలసటను సారాలో ముంచుకునే నల్ల పనిమనిషి. విచారణలో ఆమె శవాన్ని చక్రాల బల్ల మీద తోసుకొచ్చి చూపిస్తారు. ఆమెకు న్యాయం చేయడానికి కాదు, మేరీ హత్యకు సాక్ష్యం బలపడాలని. తనకు మరణశిక్ష వేసేది మేరీ కోసమే గాని బెస్సీ కోసం కాదని బిగ్గర్‌కు తెలుసు.

మొదటిసారి చదివినప్పుడు నేను కూడా బెస్సీని ఆ కోర్టు చూసినట్టే చూశాను. నా దృష్టంతా బిగ్గర్ మీద, అతని లాయరు మాక్స్ వాదన మీద. ఆమె ఎవరు, ఏ గదిలో ఉండేది, నెలకు ఎంత మిగిలేది, ఎందుకు తాగేది, నాకు పట్టలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు 'ది స్ట్రీట్' చదివి మళ్ళీ 'నేటివ్ సన్' తెరిచాను. ఈసారి బెస్సీ నోరు తెరిచిన ప్రతిచోటా ఆగిపోయాను. పొద్దున్నుంచి రాత్రిదాకా పనే, నాకు సుఖం ఎప్పుడని ఆమె ఏడ్చే ఆ కాసిని మాటల వెనక ల్యూటీ లెక్కలన్నీ వినబడ్డాయి. రైట్ ఆ మాటలు రాశాడు గాని వాటి దగ్గర ఆగలేదు. పెట్రీ చేత ముందే వినిపించుకుంటే మనం ఆగగలం. నా సలహా మారడానికి కారణం ఇదొక్కటే. 'ది స్ట్రీట్' గొప్పదనీ 'నేటివ్ సన్' తక్కువదనీ కాదు. నిజానికి భయం మనిషి కడుపులో ఎలా ఉంటుందో రైట్ రాసినంతగా పెట్రీ రాయలేదు.

మీరెలాంటి పాఠకులో దాన్నిబట్టి ఈ వరస మార్చుకోవచ్చు కూడా. ఒక్క మనిషి బుర్రలోకి దిగి బయటకు రాకుండా చదవడం ఇష్టమైతే 'నేటివ్ సన్' మీది. ఒక పేటలో పదిమంది మనసుల్లోకి తొంగిచూడడం ఇష్టమైతే 'ది స్ట్రీట్'. పెట్రీ ల్యూటీని మాత్రమే కాదు, జోన్స్‌ను, మిన్‌ను, కిటికీ దగ్గర కూర్చుని వీధంతా చూసే మిసెస్ హెడ్జెస్‌ను, బ్యాండు నడిపే బూట్స్‌ను కూడా లోపలి నుంచి చెప్తుంది. జోన్స్ లాంటి మనిషి లోపలికి వెళ్ళడం కష్టంగానే ఉంటుంది, అయినా వెళ్ళి చూపిస్తుంది. ఇంగ్లీషు నవలలు అంతగా అలవాటు లేనివారికి రెండూ భాషలో అందుబాటే, వాక్యాలు సూటిగా ఉంటాయి. 'నేటివ్ సన్' మూడో భాగంలో మాక్స్ కోర్టు ప్రసంగం మాత్రం పేజీల తరబడి సాగుతుంది. అక్కడ పుస్తకం పక్కన పెట్టేయాలనిపిస్తే, ప్రసంగాన్ని వేగంగా చదివేసి చివరి జైలు సంభాషణకు వెళ్ళండి. మాక్స్ అంత మాట్లాడినా బిగ్గర్ చివర్లో చెప్పే మాట విని అతనే వెనక్కి జంకుతాడు. ఆ ఘట్టం పోగొట్టుకోకూడదు.

హింస సంగతి ముందే తెలియాలి. మేరీ శవం విషయంలో బిగ్గర్ చేసేది, బెస్సీ విషయంలో చేసేది రెండూ దారుణం, రైట్ ఏదీ దాచడు. 'ది స్ట్రీట్'లో హింస తక్కువే గాని, ఆడమనిషి మీద పడే చూపుల బెదిరింపు మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. పిల్లలున్న తల్లులకు బబ్ కథ రాత్రి నిద్ర పట్టనివ్వదు. అన్నిట్లోనూ నల్లవాళ్ళను తిట్టే ఆ పాత మాట అడుగడుగునా ఉంటుంది. అది ఆనాటి వీధి భాష, అదేమీ తీసేయకుండా చదవాలి.

ఈ రెండూ పెద్దవి, అంత సమయం లేదు అనేవారికి చెస్టర్ హైమ్స్ 'ఇఫ్ హి హాలర్స్ లెట్ హిమ్ గో' చెప్తాను. 1945లో వచ్చింది, చిన్నది, పరుగు తీస్తుంది. బాబ్ జోన్స్ ఒహాయో నుంచి లాస్ ఏంజిలిస్ వచ్చి యుద్ధకాలపు షిప్‌యార్డులో నల్లవాళ్ళ జట్టుకు మేస్త్రీ అవుతాడు. యుద్ధ పరిశ్రమల్లో రంగును బట్టి వివక్ష చూపరాదని 1941లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చి ఉన్నాడు. ఆ ఉత్తర్వు కాగితం మీద ఉంది, యార్డులో లేదు. టెక్సస్ నుంచి వచ్చిన మ్యాడ్జ్ అనే తెల్ల కార్మికురాలు నల్లవాడి మాట వినను పొమ్మని తిడుతుంది, ఇతనూ తిరిగి తిడతాడు, ఇతని పదవి పోతుంది. కొద్ది రోజుల కథ. ప్రతి ఉదయం అతను ఒక పీడకలతో లేస్తాడు, మొదటి కలలో మెడకు తీగ చుట్టిన ఒక చిన్న కుక్క. బిగ్గర్ చెప్పలేని మాటలన్నీ ఇతను చెప్పగలడు, ఎందుకంటే ఇతనే కథ చెప్తాడు. కోపం లోపల ఎలా కాగుతుందో, మామూలు ట్రాఫిక్‌లో కారు నడపడం కూడా ఎలా యుద్ధమవుతుందో ఈ నవలంత దగ్గరగా చూపించింది నాకు ఇంకోటి తెలియదు. జపాన్ మూలాలున్న అమెరికన్ కుటుంబాలను అప్పుడే నిర్బంధ శిబిరాలకు తోలారు. దేశభక్తి పాట పాడుతూ అమ్మానాన్నలతో వెళ్ళిపోయిన ఒక చిన్న పిల్లవాణ్ణి బాబ్ తలుచుకుంటాడు. ఆ తర్వాతే తనకు భయం మొదలైందంటాడు. నగరం అనగానే న్యూయార్కు, చికాగోలే గుర్తొచ్చేవాళ్ళకు ఇది వేరే తీరాన్ని చూపిస్తుంది. ఆడవాళ్ళ పాత్రలు మాత్రం దీనిలో బలహీనం. మ్యాడ్జ్ మనిషిగా కంటే ఉచ్చుగా ఎక్కువ కనిపిస్తుంది.

ఫ్యాక్టరీ, సమ్మె, యూనియన్ ఆసక్తి ఉన్నవారికి విలియం అట్టవే 'బ్లడ్ ఆన్ ది ఫోర్జ్', 1941. కెంటకీ కౌలు చేలు వదిలిన ముగ్గురు అన్నదమ్ములు 1919 నాటి పెన్సిల్వేనియా ఉక్కు కర్మాగారానికి వస్తారు. సమ్మె విరవడానికి తమను వాడుకుంటున్నారని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. విశాఖ ఉక్కు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఆ కొలిమి పేజీలు ఒంటికి వేడిగా తగులుతాయి.

ఈ తరహా మొత్తాన్నే ఒప్పుకోని వాళ్ళున్నారు, వాళ్ళనూ వినాలి. 1949లో, ఇంకా పాతికేళ్ళు నిండని జేమ్స్ బాల్డ్విన్ పారిస్ నుంచి ఒక వ్యాసం రాసి, నిరసన నవల మనిషిని మనిషిగా కాక ఒక వర్గానికి గుర్తుగా మార్చేస్తుందన్నాడు. బానిసత్వం మీద హారియట్ బీచర్ స్టో రాసిన పాత నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్'లోని అణకువ టామ్‌కు, 'నేటివ్ సన్'లోని కసి బిగ్గర్‌కు చుట్టరికం కట్టాడు. తనకు దారి చూపిన పెద్దవాడి మీద రాసిన వ్యాసం అది, రైట్‌కు గట్టిగా తగిలింది. తర్వాత రాల్ఫ్ ఎలిసన్ మరో మాటన్నాడు: రైట్ బిగ్గర్‌ను ఊహించగలిగాడు గాని బిగ్గర్ ఎప్పటికీ రైట్‌ను ఊహించలేడు. అంటే చదువుకుని, పుస్తకాలు పట్టుకుని, రచయిత అయిన నల్లవాడికి ఆ నవలలో చోటే లేదు. ఇందులో నిజముంది. 'నేటివ్ సన్' చదివి ఊపిరాడక, నల్లవాళ్ళ జీవితంలో పాట, వేళాకోళం, చర్చి, అమ్మమ్మ చెప్పిన కథ ఇవేవీ ఉండవా అనిపించినవారు ఎలిసన్ 'ఇన్‌విజిబుల్ మాన్' (1952), బాల్డ్విన్ 'గో టెల్ ఇట్ ఆన్ ది మౌంటెన్' (1953) చదవాలి. అయితే వాటితో మొదలుపెట్టమని నేను చెప్పను. వాళ్ళు ఏ గోడకు ఎదురు తిరిగారో తెలియకుండా చదివితే, సగం మాటలు ఎవరికి జవాబో అర్థం కాదు. పైగా బాల్డ్విన్ విమర్శ పెట్రీకి అంత తేలిగ్గా తగలదు. మిన్ ఏ వర్గానికి గుర్తు?

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 1940లో బుక్ క్లబ్బు కోరిక మీద 'నేటివ్ సన్'లో కొన్ని భాగాలు మార్చారు, సినిమా హాల్లో బిగ్గర్, అతని స్నేహితుడు ఉండే సన్నివేశంతో సహా. రైట్ మొదట రాసిన పాఠాన్ని 1991లో లైబ్రరీ ఆఫ్ అమెరికా వారు తిరిగి అచ్చువేశారు. మీ చేతిలో ఉన్న ప్రతిలో పునరుద్ధరించిన పాఠం అని ఉందో లేదో చూడండి. తేడా చిన్నదేం కాదు. ఆ హాల్లో తెర మీద బిగ్గర్ మొదటిసారి మేరీని చూస్తాడు. అది లేకపోతే తర్వాత ఆమె ముందు నిలబడినప్పటి అతని తడబాటుకు వేరు తెగిపోతుంది. బిగ్గర్ ఎలా పుట్టాడన్న రైట్ వ్యాసం కూడా కలిపి ఉన్న ప్రతి దొరికితే ఇంకా మంచిది, దాన్ని నవల అయ్యాకే చదవండి. 1951లో వచ్చిన సినిమాలో నలభై దాటిన రైటే ఇరవై ఏళ్ళ బిగ్గర్‌గా నటించాడు. చరిత్ర కోసం చూడవచ్చు, నవలకు బదులుగా కాదు.

హైదరాబాదులో ఉన్నవారు పాత పుస్తకాల కోసం వెతికితే ఈ సాహిత్యం మీద మంచి విమర్శ కూడా దొరకవచ్చు. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీ చాలా ఏళ్ళపాటు దేశం నలుమూలల నుంచి పరిశోధకులను రప్పించింది. అయితే విమర్శలు తర్వాత. ముందు నవల చేతిలోకి తీసుకోండి.

'ది స్ట్రీట్' చివరి పేజీల్లో ఒక రైలు టికెట్టు ఉంటుంది, తిరుగు ప్రయాణం లేనిది. అది ఏ ఊరికి తీసుకున్నదో చూసుకుని, ఒకరోజు ఆగి, అప్పుడు 'నేటివ్ సన్' తెరవండి. అలారం మోగేది ఆ ఊళ్ళోనే.